లిప్ సింక్ ఎక్కడెక్కడ తప్పింది: ప్రాక్టీస్ మ్యూజిక్ వీడియో ప్రాజెక్టు డైరీ

విశాఖలో డిగ్రీ చదువుతున్న ఐదుగురం కలిసి ఒక పాటకు వీడియో తీశాం, పాటకు తగ్గట్టు పెదాలు కలిపే (లిప్ సింక్) పద్ధతిలో. దీనికి మార్కుల్లేవు. వచ్చే సెమిస్టర్‌లో అసలు ప్రాజెక్టు ఉంది, దానికి ముందు చేయి తిరగాలని పెట్టుకున్న పని. ఇలాంటిది మొదలుపెట్టబోయేవాళ్లు మా లెక్కలు వాడుకోవచ్చు, మేం ఇరుక్కున్న చోట ఇరుక్కోకుండా ఉండొచ్చు. అందుకే రాసి పెడుతున్నాం.

సామాను: అరువు తెచ్చిన మిర్రర్‌లెస్ కెమెరా, దానికి ఒక 50 ఎంఎం లెన్స్, ఒక కిట్ లెన్స్. ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు. కాలు సరిగ్గా బిగియని ట్రైపాడ్. బ్లూటూత్ స్పీకర్. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, ఆడియోకి ఆడాసిటీ. డ్రోన్ మాట ఒకరు ఎత్తారు. నేవీ ఉన్న ఊరు, ఎక్కడ ఎగరేయొచ్చో ఎక్కడ కూడదో జోన్లుంటాయి, అనుమతులు చూసుకోవాలి. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

దశ 1: పాట

సినిమా పాట వద్దనుకోవడానికి కారణం కాపీరైట్. సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ వేర్వేరు హక్కులు. 1957 చట్టం కింద సాహిత్యానికీ బాణీకీ రచయిత పోయాక ఇంకో 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. రికార్డింగ్‌కి విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. క్లాసులో చూసుకుంటే ఎవరూ అడగరు గానీ యూట్యూబ్‌లో పెడితే పాటల్ని గుర్తుపట్టే వాళ్ల కంటెంట్ ఐడీ వ్యవస్థ పట్టుకుంటుంది. జానపదం అయితే ఫర్వాలేదని ఒక వాదన వచ్చింది. పాట ఊరందరిదీ కావచ్చు, మనం డౌన్‌లోడ్ చేసే ఆ రికార్డింగ్ మాత్రం ఎవరో ఒక కంపెనీది. అందుకని మాలో పాడే కుర్రాడు సొంతంగా కట్టిన పాటే తీసుకున్నాం. డప్పు, గిటార్, గొంతు, అంతే.

పాట నిడివి 3 నిమిషాల 20 సెకన్లు, టెంపో నిమిషానికి 96 బీట్లు. కెమెరా ముట్టుకోకముందే కాగితం మీద వేసిన లెక్క ఇది:

1. 200 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు. మొత్తం 5000 ఫ్రేములు.
2. ఒక బీట్ 0.625 సెకను, అంటే 15.625 ఫ్రేములు. పూర్ణసంఖ్య కాదు.
3. ఎనిమిది బీట్లు కలిపితే సరిగ్గా 5 సెకన్లు, 125 ఫ్రేములు. ఇది పూర్ణసంఖ్య.
4. ఈ ఎనిమిది బీట్ల ముక్కే ఒక ఎయిట్. మొత్తం పాట 40 ఎయిట్లు.

డాన్స్ మాస్టర్లు ఎలాగూ ఎనిమిది లెక్కలోనే చెబుతారు కాబట్టి షాట్ డివిజన్ అంతా ఎయిట్లలోనే రాశాం. ఇంట్రో 4, పల్లవి 8, బీజీఎం 4, మొదటి చరణం 8, పల్లవి 4, రెండో చరణం 8, చివరి పల్లవి 4. ఒక్కో ఎయిట్‌కి ఒక నంబరు. "చరణం రెండో లైన్లో ఆ చేయి తిప్పే షాట్" అని ఐదుగురూ ఐదు రకాలుగా గుర్తు చేసుకునే బదులు "19" అంటే సరిపోతుంది. ప్రాజెక్టు మొత్తంలో బాగా పనికొచ్చిన వస్తువు ఈ కాగితమే.

ఇబ్బంది వచ్చింది ఫైలు పేర్లతో. గ్రూపులో తిరుగుతున్న ఎంపీత్రీలో ఇంట్రోకి నాలుగు బీట్లు ఎక్కువ ఉన్నాయి, అది పాత మిక్స్. ఒక ఫోన్‌లో పాతది, ఇంకో ఫోన్‌లో కొత్తది ఉన్నా రిహార్సల్‌లో ఎవరికీ తేడా తెలియలేదు. ఎడిటింగ్‌లో పల్లవి మొత్తం రెండున్నర సెకన్లు పక్కకి పోయి కూర్చుంది. దాంతో పాత ఫైళ్లన్నీ తీసేశాం. మిగిలింది ఒకటే డబ్ల్యూఏవీ, 48 కిలోహెర్ట్జ్‌ది, పేరు చివర తేదీతో.

ప్లేబ్యాక్ కోసం, అంటే షూటింగులో స్పీకర్‌లో వినిపించడానికి, ఆ డబ్ల్యూఏవీని ఏడు ముక్కలు చేసి, ప్రతి ముక్క ముందు ఎనిమిది బీప్‌లు పెట్టాం. బీప్‌లు పాట టెంపోలోనే ఉండాలి. లేకపోతే పాడేవాడు మొదటి పదం దగ్గరే తడబడతాడు.

ఇప్పటికి: ఖర్చు రూ. 0. ఫుటేజ్ 0. ఓకే అయిన ఎయిట్లు 40కి 0.

దశ 2: గదిలో టెస్ట్ షూట్

ట్యూబులైట్ల కింద, క్లాసు గదిలో, పాట మొత్తం ఒకే టేక్. కెమెరాతోపాటు రెండు ఫోన్లూ పెట్టాం. బయటకి వెళ్లకముందు ఇది చేసి ఉండకపోతే బీచ్‌లో తీసిందంతా చెత్తబుట్టలోకే పోయేది.

మొదటి లోపం ఫ్లికర్. ఫోన్ ఆటోలో సెకనుకు 30 ఫ్రేములు తీసింది, షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికి వచ్చే సమయం, సెకనులో 1/60 దగ్గర. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/50 షటర్‌లో సరిగ్గా రెండు మినుకులు పడతాయి, 1/100లో ఒకటి. 1/60లో ఒకటీ మూడింట రెండు వంతులు. ఒక్కో ఫ్రేముకీ వెలుతురు ఒక్కోలా పడి, గోడ మీద చారలు పాకుతూ కనిపించాయి. ఎడిటింగ్‌లో దీన్ని పోగొట్టాలని చూశాం, పూర్తిగా పోలేదు. తీసేటప్పుడే 25 ఫ్రేములు, 1/50 పెట్టుకోవడం ఒక్కటే మార్గం.

రెండో లోపం ఇంకా దొంగది. ఫోన్ వీడియో మొదట్లో పాటకు అతికినట్టే ఉంది. చివరి పల్లవికి వచ్చేసరికి పెదాలు 11 ఫ్రేములు వెనకబడ్డాయి. కారణం వేరియబుల్ ఫ్రేమ్ రేట్. చాలా ఫోన్లు వెలుతురు తగ్గినప్పుడు, వేడెక్కినప్పుడు ఫ్రేముల వేగాన్ని వాటంతట అవే మార్చేస్తాయి. ఫైలు వివరాల్లో 30 అని కనిపిస్తుంది గానీ అది సగటు. ఐదు సెకన్ల ముక్కల్లో ఈ తేడా తెలియదు, పాట మొత్తం ఒకే టేక్ తీసినప్పుడే బయటపడుతుంది.

మార్చినవి:

1. ఫోన్లలో మాన్యువల్ కంట్రోల్స్ ఇచ్చే కెమెరా యాప్. 25 ఫ్రేములు, 1/50, వైట్ బ్యాలెన్స్ లాక్, ఫోకస్ లాక్.
2. ఫోన్ ఫైళ్లన్నీ ఎడిటింగ్‌కి ముందు వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి (మారని వేగానికి) మార్చడం.
3. ప్రతి టేక్ మొదట్లో కెమెరాకి కనబడేలా చప్పట్లు. క్లాప్ బోర్డ్ ఉంటే సరదాగానే ఉంటుంది, లేకపోయినా నష్టం లేదు.

బట్టల సంగతి కూడా ఇక్కడే తేలింది. పాడేవాడు వేసుకొచ్చిన సన్న గళ్ల చేనేత చొక్కా కెమెరాలో అలలు అలలుగా కదిలింది. దీన్ని మోరే అంటారు. చొక్కా ఎంత ఖరీదైనదైనా గళ్లు సన్నగా ఉంటే ఇంతే. ముదురు నీలం, మట్టి రంగు సాదా బట్టలకి మారాం. తెల్లవి కూడా వద్దన్నాం, ఎండలో మడతలు కనబడకుండా తెల్ల ముద్దగా పడతాయి.

ఇంకొకటి. పెదాలు మాత్రమే కదిపితే అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. మెడ నరాలు బిగియాలి, ఊపిరి తీసుకోవడం కనబడాలి. గట్టిగా పాడాల్సిందే. "అందరూ చూస్తున్నారురా" అని మావాడి ఇబ్బంది. చూడనీ.

ఖర్చు: థర్మాకోల్ షీట్లు రెండు 140, నల్లగుడ్డ 120, టేపు 70.

ఇప్పటికి: రూ. 330. టెస్ట్ ఫుటేజ్ చెరిపేశాం. ఓకే అయిన ఎయిట్లు 40కి 0.

దశ 3: భీమిలి, పొద్దున్న

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, పడవల దగ్గర. జనవరి కాబట్టి ఆరున్నరకి సూర్యోదయం. బంగారు రంగు వెలుతురు దొరుకుతుందని చీకటితోనే వెళ్లాం.

ఏసీ గదిలో పెట్టిన కెమెరా బ్యాగు తెరవగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు తేమ. తుడిస్తే మళ్లీ పట్టింది. సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ, చల్లటి గాజు తగలగానే నీరైపోతుంది. గాజు బయటి వేడికి వచ్చేదాకా చేసేదేమీ లేదు. సుమారు అరగంట పట్టింది. మంచి వెలుతురు ఆ అరగంటలోనే పోయింది. ఆ తర్వాత నుంచి ముందు రోజు రాత్రే బ్యాగు వరండాలో పెడుతున్నాం.

తేమ పోయాక అసలు సమస్య. సముద్రం వెనక రావాలి, మనిషి ముందు ఉండాలి. మన తీరంలో పొద్దున్న సూర్యుడు సముద్రం మీంచే వస్తాడు. అంటే వెలుతురంతా పాడేవాడి వీపు మీద. ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే ఆకాశం తెల్ల కాగితం, ఆకాశానికి పెడితే ముఖం బొగ్గు. థర్మాకోల్ షీటుతో వెలుతురు ముఖం మీదకి కొట్టించాం. క్లోజప్‌కి కొంత పనిచేసింది, నడుము దాకా వచ్చే షాట్‌కి చాలలేదు. గాలికి ఒక షీటు విరిగి సగమైంది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒకాయన చాలాసేపు చూసి అన్నాడు: "ఏటి బాబూ, మొకం నల్లగా పడతాది కదా. మద్దేనం తిరిగాక రండి, ఎండ కొండేపు ఎల్తాది."

"నిజమే బాబాయ్, అప్పుడే వస్తాం" అన్నాం. ఆ తీరంలో షూటింగులు చూసీ చూసీ ఆయనకి లైటింగ్ మా కంటే బాగా తెలుసు.

మూడోది శబ్దం. వైడ్ షాట్ కోసం కెమెరా వెనక్కి జరిపాం, స్పీకర్ కెమెరా దగ్గరే ఉంది. అడుగులతో కొలిస్తే దూరం సుమారు 34 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి పాట మావాడికి చేరేసరికి సెకనులో పదో వంతు గడిచిపోయింది. అంటే రెండున్నర ఫ్రేములు. తన చెవికి వినబడిన ప్రకారం సరిగ్గానే పాడాడు, వీడియోలో మాత్రం పెదాలు వెనక. దీనికి ఒక ఉజ్జాయింపు లెక్క కట్టుకున్నాం, సుమారు 14 మీటర్లకు ఒక ఫ్రేము.

స్పీకర్‌ని పాడేవాడి దగ్గర పెడితే తీరిపోతుందనుకోవద్దు. అప్పుడు తను సరిగ్గానే పాడతాడు, కానీ పాట కెమెరా మైకుకి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆడియోని బట్టి సింక్ చేస్తే పెదాలు ముందుకు పోతాయి. ఏ పద్ధతైనా దూరం రాసుకుని, ఎడిటింగ్‌లో జరపాల్సిందే:

1. స్పీకర్ కెమెరా దగ్గర ఉంటే: క్లిప్‌ని ముందుకు, అంటే టైంలైన్‌లో ఎడమవైపుకి జరపాలి.
2. స్పీకర్ పాడేవాడి దగ్గర ఉంటే: కుడివైపుకి జరపాలి.
3. ఎన్ని ఫ్రేములంటే, మీటర్లను 14తో భాగించినన్ని.

మేం రెండోదే ఎంచుకున్నాం. కెరటాల హోరులో పాట పాడేవాడికి వినబడడం ముఖ్యం. స్పీకర్‌ని వల కుప్ప వెనక దాచాం. బ్లూటూత్ ఆలస్యం గురించి అందరూ భయపెడతారు గానీ, పాడేవాడూ కెమెరా ఒకే స్పీకర్‌ని వింటున్నంతవరకు దాంతో ఇబ్బంది లేదు. ఒకరు ఇయర్‌బడ్స్‌లో, కెమెరా వేరే స్పీకర్‌లో విన్నప్పుడే గొడవ.

హోరు వల్ల ఆటో సింక్ (శబ్దాన్ని పోల్చి సాఫ్ట్‌వేర్ తనే కలపడం) కూడా పనిచేయలేదు. వేవ్‌ఫాంలో పాట ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కి దొరకలేదు. ఆ ఎనిమిది బీప్‌లు మాత్రం హోరులోంచి కూడా స్పష్టంగా వినబడ్డాయి. బీప్ చూసుకుని చేత్తోనే సింక్ చేశాం.

ట్రైపాడ్ ఇసకలో దిగబడి, టేక్ మధ్యలో హొరైజన్ వాలిపోయింది. మూడు కాళ్ల కింద మూడు కొబ్బరి చిప్పలు బోర్లించాక నిలబడింది.

ఖర్చు: గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) రోజు అద్దె 600, బస్సు, ఆటో, టిఫిన్లు 850. గింబల్ డబ్బు దండగ. అలవాటు లేని చేతిలో అది నడుస్తున్న మనిషి తూలినట్టు ఊగింది.

ఇప్పటికి: రూ. 1780. ఫుటేజ్ 52 జీబీ. ఓకే అయిన ఎయిట్లు 40కి 9, అందులో 4 ఇంట్రోలో వాడిన నీడ షాట్లే. ముఖం కనబడని చోట పొద్దున్నటి వెలుతురు భలే ఉంటుంది.

దశ 4: భీమిలి, మధ్యాహ్నం మీద

52 జీబీ ఎలా అయిందో చూశాం. 4కే, సెకనుకు 100 మెగాబిట్లు. నిమిషానికి 750 ఎంబీ. మా ల్యాప్‌టాప్ దాన్ని ప్లే చేయలేక ఆగి ఆగి నడిచింది. క్లాసు ప్రొజెక్టరే 1080. కాబట్టి 1080, 50 మెగాబిట్లకి దిగాం. నిమిషానికి 375 ఎంబీ.

మూడుంబావు నుంచి పావు తక్కువ ఐదు దాకా ముఖం మీద వెలుతురు బాగుంది. సూర్యాస్తమయం ఐదున్నర దాటాకే అయినా, పడమటి వైపు కొండలున్నాయి కాబట్టి ఎండ ముందే పోతుంది. సముద్రం వెనక నీలంగా పడింది. ఆ బాబాయ్ ఆ రోజు కనబడలేదు.

1/50 షటర్‌కి ఎండ మరీ ఎక్కువ. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100లో, లెన్స్ రంధ్రం ఎఫ్/16కి మూసినా ఇంకా ఒక స్టాప్ ఎక్కువే, అంటే కావలసినదానికి రెండింతల వెలుతురు. షటర్ పెంచితే చేతుల కదలిక తెగినట్టు కనిపిస్తుంది, డాన్స్ బిట్లలో అది కంటికి గుచ్చుకుంది. లెన్స్ ముందు పెట్టే నల్లద్దం లాంటి ఎన్‌డీ 8 ఫిల్టర్ కొన్నాం, మూడు స్టాపులు తగ్గిస్తుంది. ఫోన్లకి అది లేదు, కాబట్టి ఫోన్లతో కదలని షాట్లే తీశాం: పడవ, తాడు, గిటార్ తీగల మీద వేళ్లు.

స్లో మోషన్ లిప్ సింక్ ఇక్కడే ప్రయత్నించాం. 50 ఫ్రేములలో తీసి 25లో ఆడిస్తే సగం వేగం, కాబట్టి ప్లేబ్యాక్ రెండింతల వేగంలో ఉండాలి. 192 బీట్లకి తెలుగు నోరు తిరగలేదు. ఒత్తులున్న పదాలు ముద్దయిపోయాయి. దీర్ఘాలున్న లైను ఒకటి మాత్రం బతికింది.

పనికొచ్చింది వేరే లెక్క. 30లో తీసి 25లో ఆడిస్తే ప్లేబ్యాక్ 1.2 రెట్లు చాలు. 96 కాస్తా 115 అవుతుంది, హాయిగా పాడొచ్చు. చున్నీ, జుట్టు కొంచెం తేలినట్టు కనిపిస్తాయి, పెదాలు మాత్రం మామూలుగా ఉంటాయి. స్లో మోషన్ అని చూసేవాళ్లకి తెలియదు, ఏదో బాగుందని అనిపిస్తుంది. పద్ధతి:

1. ఆడాసిటీలో చేంజ్ టెంపో, 20 శాతం పెంపు. స్పీడ్ మార్చొద్దు, శ్రుతి పెరిగిపోతుంది.
2. 30 ఫ్రేములు రావడానికి కెమెరా మెనూలో వీడియో పద్ధతి పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి. మా కెమెరా వెంటనే కార్డు ఫార్మాట్ చేయమంది. దీనికి రెండో కార్డు పెట్టుకోండి, "ఓకే" నొక్కేముందు ఏ కార్డు ఉందో చూడండి.
3. అసలు వేగం 29.97 అయినా ఐదు సెకన్ల ఎయిట్‌లో ఆ తేడా కంటికి ఆనదు.
4. రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్‌కి వెళ్లి ఫ్రేమ్ రేట్ 25 అని మార్చడం.

కంటిన్యుటీ ఒక చోట పోయింది. పల్లవిలో ప్యాంటు పొడిగా ఉంది, పక్క షాట్‌లో మోకాలి దాకా తడి. నీళ్లలోకి దిగే షాట్లు చివర పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. నీళ్లంటే చీలమండ దాకే. మన తీరంలో కెరటాన్ని నమ్మకూడదు, ఒడ్డున ఒకరు ఊరికే చూస్తూ నిలబడాలని ముందే అనుకున్నాం.

ఖర్చు: ఎన్‌డీ ఫిల్టర్ 650, ప్రయాణం, తిండి 780.

ఇప్పటికి: రూ. 3210. ఫుటేజ్ 81 జీబీ. ఓకే అయిన ఎయిట్లు 40కి 31.

దశ 5: మిగిలిన తొమ్మిది

రెండో చరణం మేడ మీద గదిలో. నల్లగుడ్డ వెనక కట్టి, ఎల్ఈడీ బల్బులు రెండు, వాటి ముందు మిగిలిన థర్మాకోల్. 240 అయింది. 1/50 ఉంచాం, ఫ్లికర్ లేదు.

ఒక షాట్ మాత్రం మళ్లీ తీయాల్సి వచ్చింది. ఫోన్ ఉన్నవాళ్లు వాట్సాప్‌లో పంపి అసలుది చెరిపేశారు. వచ్చింది నొక్కి నొక్కి చిన్నది చేసిన ఫైలు, పెద్ద తెర మీద ముఖం గచ్చులా కనబడింది. కేబుల్‌తోనే కాపీ. ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి పడ్డాకే కార్డు చెరపాలి.

ఇప్పటికి: రూ. 3450. ఫుటేజ్ 94 జీబీ. ఎయిట్లు 40కి 40.

దశ 6: ఎడిటింగ్

రిజాల్వ్‌లో కొత్త ప్రాజెక్టు 24 ఫ్రేములతో మొదలవుతుంది. ఫుటేజ్ లోపలికి తెచ్చాక ఆ సంఖ్య మారదు. సగం పల్లవి కట్ చేశాక ఇది కనబడింది. కొత్త ప్రాజెక్టు తెరిచి, ముందు 25 పెట్టి, ఆ తర్వాతే ఫైళ్లు తెచ్చుకున్నాం. తర్వాత ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు, తయారుచేశాక ల్యాప్‌టాప్ కాస్త ఊపిరి పీల్చుకుంది.

కటింగ్ ఎలా చేశామంటే, ప్రతి 125 ఫ్రేములకు ఒక మార్కర్, మొత్తం 40. లోపలి బీట్లు 15, 16 ఫ్రేముల దగ్గర అటూ ఇటూ పడతాయి, అవి చెవితో చూసుకోవాలి. మొదటి రఫ్ కట్‌లో ప్రతి రెండు బీట్లకూ కట్ పెడితే చూసేవాళ్లకి తల తిరిగింది. డప్పు మీద సరిగ్గా కట్ చేస్తే ఎందుకో ఆలస్యంగా అనిపించింది. రెండు ఫ్రేములు ముందు కట్ చేస్తే కుదిరింది. చరణాల్లో ఒక ఎయిట్ మొత్తం కట్ లేకుండా వదిలేశాం. ముఖం బాగున్నప్పుడు కట్ చేయడం నేరం అని నా అభిప్రాయం. మిగతావాళ్లు పూర్తిగా ఒప్పుకోలేదు.

జూనియర్లకి శబ్దం తీసేసి చూపించాం. లిప్ సింక్ సంగతి అలా తెలియదు గానీ, ఎక్కడ ఫోన్లు చూసుకున్నారో తెలిసింది. బీజీఎంలో పడవల షాట్లు. అందమైన షాట్లే, మూడు పోయాయి.

తెలుగు టైటిళ్లు: ఎడిటర్‌లో నేరుగా టైపు చేస్తే ఒత్తులు విడిపోయాయి, గుడి పక్కకి జరిగింది. ఇంక్‌స్కేప్‌లో మండలి ఫాంట్‌తో రాసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీగా తెచ్చి పెట్టాం.

ఎక్స్‌పోర్ట్: 1080, 25 ఫ్రేములు, హెచ్ 264, సెకనుకు 16 మెగాబిట్లు. ఫైలు 400 ఎంబీ. శబ్దం గట్టిదనం మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (దాన్ని కొలిచే లెక్క) దగ్గర, అంతకంటే ఎక్కువ పెడితే యూట్యూబ్ ఎలాగూ తగ్గిస్తుంది.

ఇప్పటికి: రూ. 3450. 94 జీబీలోంచి వాడింది 5000 ఫ్రేములు.

సరిచేయకుండా వదిలినవి:

1. ఎయిట్ 10లో తడి ప్యాంటు.
2. ఎయిట్ 22లో కుడి అంచున థర్మాకోల్ మూల. జూమ్ చేస్తే పోతుంది, కానీ గిటార్ తల తెగుతుంది.
3. ఎయిట్ 31లో పెదాలు ఇంకా రెండు ఫ్రేములు వెనక. జరిపితే చేయి డప్పుతో తప్పుతోంది, కాబట్టి చేయికే ఓటేశాం.